కొత్త ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఫార్మాట్ కొట్టించకండి, ముందు అకౌంట్ సంగతి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మాయి బీటెక్‌లో చేరినప్పుడు విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నారు. షాపులో కుర్రాడే మీ జీమెయిల్ అడిగి, మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పించుకుని, అంతా సెట్ చేసి చివర్లో ఒక పిన్ పెట్టించాడు. సెలవులు అయ్యి అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక చూస్తే ఆ పిన్ ఎవరికీ గుర్తు లేదు. యూట్యూబ్‌లో చూసి, పెన్‌డ్రైవ్ పెట్టి అడ్మినిస్ట్రేటర్ (ల్యాప్‌టాప్ మీద పూర్తి అధికారం ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్ తీసేద్దామని ప్రయత్నిస్తే, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. దగ్గర్లోని షాపువాళ్లేమో ఫార్మాట్ కొట్టాలి, 1500 అవుతుంది అంటున్నారు. ఫైళ్లు పోకుండా తెరవడం కుదురుతుందా అని మీ ప్రశ్న.

కుదురుతుంది. ఆ జీమెయిల్, అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ చేతిలో ఉంటే ఒక్క ఫైలు కూడా పోదు, ఒక్క రూపాయి ఖర్చు కాదు. ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకండి. పెన్‌డ్రైవ్ తీసేయండి. ముందు ల్యాప్‌టాప్‌లో మీరు మార్చిన సెట్టింగ్ ఏదైనా ఉంటే వెనక్కి పెట్టాలి, తర్వాత మీ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి (పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే అక్కడే మార్చుకుని) రికవరీ కీ తీసుకోవాలి, చివరగా ల్యాప్‌టాప్‌లో పిన్ మార్చాలి. ఈ వరస తప్పకండి. ఒక్కోటి ఎలాగో కింద రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా ల్యాప్‌టాప్ సర్వీసింగ్ చేస్తున్నాను. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయ్యి కాలేజీలు తెరిచాక రెండు మూడు నెలలు నా బెంచీ మీదకి ఎక్కువగా వచ్చేవి ఇవే, కొత్తవి, ఏ రిపేరూ లేనివి, పాస్‌వర్డ్ మర్చిపోయినవి. చాలావరకు నేను స్క్రూడ్రైవర్ కూడా తీయను. తల్లిదండ్రుల ఫోన్ అడుగుతాను, అంతే.

పాత రోజుల పద్ధతులు ఇప్పుడెందుకు పనిచేయవు

విండోస్ 7 కాలంలో పాస్‌వర్డ్ అనేది ఆ మిషన్‌లోనే, హార్డ్‌డిస్క్‌లో ఒక ఫైల్లో ఉండేది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అంటే హార్డ్‌డిస్క్ బదులు పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేసి, ఆ ఫైలుని సరిచేస్తే పని అయిపోయేది. లాగిన్ తెర మీద ఉండే ఈజ్ ఆఫ్ యాక్సెస్ బొమ్మ వెనక కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరని) పెట్టి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చే కిటుకు కూడా అప్పటిదే. యూట్యూబ్‌లో ఇప్పటికీ తిరుగుతున్నది అదే.

ఇప్పుడు విండోస్ 11 హోమ్ మొదటిసారి ఆన్ చేస్తే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనే సెటప్ చేయమంటుంది. అలా లాగిన్ అయిన చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. అంటే డిస్క్ మీదున్న ప్రతి ఫైలూ తాళం పడిన రూపంలోనే ఉంటుంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ మోడళ్లకి వర్తించింది. ఆ తాళం తీసే కీ మదర్‌బోర్డులోని టీపీఎం అనే భద్రతా విభాగం దగ్గర ఉంటుంది. మామూలుగా ఆన్ చేసినప్పుడు టీపీఎం తన పాటికి తాను తీసేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. బూట్ అయ్యే తీరులో తేడా వస్తే, అంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినా, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌లలో) సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్‌ని ఆఫ్ చేసినా, అది అనుమానపడి కీ ఇవ్వదు. అప్పుడు వచ్చేదే మీకు కనిపిస్తున్న నీలం తెర. మీ ల్యాప్‌టాప్ పాడవలేదు. దొంగ చేతిలో పడితే చేయాల్సిన పనే అది చేస్తోంది.

ఇందులో మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఎన్‌క్రిప్షన్ అలా దానంతటదే ఆన్ అయినప్పుడు రికవరీ కీ కాపీ ఒకటి ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచిపెడుతుంది. కాబట్టి షాపులో మీ మెయిలే వాడి ఉంటే కీ ఎక్కడో లేదు, మీ జీమెయిల్‌తో తెరిచిన ఆ అకౌంట్‌లోనే ఉంది.

నీలం తెర దాటడం

వీడియో చూసి బయోస్‌లో ఏమైనా మార్చారా, ముందు గుర్తు చేసుకోండి. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి ఉంటే మళ్లీ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్ తీసేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి. చాలాసార్లు దీంతోనే నీలం తెర పోయి మామూలు లాగిన్ తెర వచ్చేస్తుంది. బయోస్‌లో టీపీఎం క్లియర్ చేసే ఆప్షన్ కనిపిస్తే మాత్రం దాని జోలికి వెళ్లకండి.

అయినా కీ అడుగుతుంటే, ఆ తెర మీదే ఒక వెబ్ చిరునామా, దాని దగ్గర రికవరీ కీ ఐడీ అని అక్షరాలు, అంకెలు కలిసిన వరస ఉంటాయి. కొత్త వెర్షన్లలో కీ ఏ మెయిల్ అకౌంట్‌లో ఉందో చిన్న సూచన కూడా చూపిస్తుంది. దాన్ని జాగ్రత్తగా చూడండి, ఆ మెయిల్ మీదేనా కాదా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ చిరునామాని ఫోన్‌లో తెరిచి, ఆ మెయిల్‌తో సైన్‌ఇన్ అవండి (పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే ఏం చేయాలో తర్వాతి భాగంలో ఉంది). లోపల మీ పరికరాల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా కీ ఐడీ, 48 అంకెల కీ కనిపిస్తాయి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే కంగారు పడకండి, ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు తెర మీదవాటితో సరిచూస్తే ఏది మీదో తెలుస్తుంది.

కీ ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. మధ్యలో గీతలు కొట్టక్కర్లేదు, అవే వస్తాయి. అమ్మాయి హాస్టల్లో ఉండి మీరు ఫోన్‌లో చదివి చెప్పాల్సి వస్తే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ప్రతి ఆరు అంకెల గుంపూ 11తో శేషం లేకుండా భాగం పోతుంది. రాసుకున్నదాంట్లో ఏదైనా గుంపు అలా పోకపోతే అక్కడ అంకె తప్పు పడిందన్నమాట. 48 అంకెలూ మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు, ఆ ఒక్క గుంపు చూసుకుంటే చాలు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం తేలికే కానీ, పని అయ్యాక రెండు ఫోన్లలోనూ ఆ ఫోటో డిలీట్ చేయండి.

జీమెయిల్ పాస్‌వర్డ్ వేరు, మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ వేరు

అందరూ తడబడేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. షాపులో మీ జీమెయిల్ ఇచ్చి మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచారు. జీమెయిల్ గూగుల్‌ది. ఆ చిరునామాని మైక్రోసాఫ్ట్ కేవలం యూజర్‌నేమ్‌గా వాడుకుంటోంది. రెండింటి పాస్‌వర్డ్‌లకీ ఏ సంబంధం లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే రెండు మూడుసార్లు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చేసి, ‘మార్చాం సార్, అయినా ల్యాప్‌టాప్ తీసుకోవడం లేదు’ అంటారు. తీసుకోదు. మీరు మార్చింది గూగుల్ దగ్గర, ల్యాప్‌టాప్ అడుగుతున్నది మైక్రోసాఫ్ట్‌ది.

కాబట్టి ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ సైన్‌ఇన్ పేజీ తెరిచి, జీమెయిల్ చిరునామా కొట్టి, పాస్‌వర్డ్ అడిగిన చోట ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కండి. కోడ్ ఎక్కడికి పంపాలని అడుగుతుంది. ఫోన్ నంబరైతే చివరి రెండు అంకెలే చూపించి, చివరి నాలుగు మీ చేత కొట్టిస్తుంది. మెయిలైతే చిరునామాలో దాచిన భాగాన్ని మీ చేత పూర్తి చేయిస్తుంది. ఆ కోడ్ ఇచ్చాక కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి. కోడ్ మెయిల్ కనిపించకపోతే స్పామ్‌లో వెతకండి.

ఇంకో సంగతి. 2025 మే నుంచి కొత్తగా తెరిచే మైక్రోసాఫ్ట్ అకౌంట్లు మామూలుగా పాస్‌వర్డ్ లేకుండానే మొదలవుతున్నాయి. మీది ఆ తర్వాత తెరిచిందైతే, మీరు మర్చిపోయిన పాస్‌వర్డ్ అసలు ఎప్పుడూ లేకపోయి ఉండొచ్చు. అప్పుడు మెయిల్‌కో ఫోన్‌కో వచ్చే కోడ్‌తోనే లోపలికి వెళ్తారు. టెన్షన్ పడి ఏవేవో కొట్టకండి, తెర ఏది అడుగుతోందో నిదానంగా చదవండి.

ఇక పిన్

పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే చెందింది. మైక్రోసాఫ్ట్ దగ్గర కూడా దాని కాపీ ఉండదు, అందుకే మర్చిపోయిన పిన్‌ని ఎవరూ చెప్పలేరు, కొత్తది పెట్టుకోవడమే మార్గం. లాగిన్ తెర మీద పిన్ పెట్టె కింద ‘ఐ ఫర్‌గాట్ మై పిన్’ అని ఉంటుంది. అది నొక్కే ముందు ఇంటర్నెట్ ఉండాలి. కింద కుడివైపు మూలలో వైఫై గుర్తు ఉంటుంది, లాగిన్ కాకుండానే అక్కడి నుంచి కలపొచ్చు. హాస్టల్ వైఫైతో ప్రయత్నించకండి. అలాంటి చోట్ల బ్రౌజర్‌లో ఇంకో లాగిన్ పేజీ వస్తుంది, లాగిన్ తెర మీద అది తెరుచుకోక అక్కడే ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి దానికి కలపండి.

తర్వాత మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ గానీ కోడ్ గానీ అడిగి, కొత్త పిన్ పెట్టుకోమంటుంది. ఫైళ్లకి, ప్రోగ్రాములకి ఏమీ కాదు. పిన్ బదులు పాస్‌వర్డ్‌తోనే వెళ్దామంటే ‘సైన్‌ఇన్ ఆప్షన్స్’ నొక్కితే తాళంచెవి బొమ్మ కనిపించొచ్చు. ఇందాక ఫోన్‌లో మార్చిన పాస్‌వర్డ్‌ని ల్యాప్‌టాప్ ఒప్పుకోవాలన్నా ఇంటర్నెట్ కావాలి. నెట్ లేకపోతే అది పాత పాస్‌వర్డ్‌నే పట్టుకుని కూర్చుంటుంది, కొత్తది తప్పంటుంది.

తప్పు పిన్ చాలాసార్లు కొడితే ఏ1బీ2సీ3 అని ఇంగ్లీషులో టైప్ చేయమంటుంది, ఆ పైన రీస్టార్ట్ చేయమంటుంది. అది వైరస్ కాదు, ఎవరో ఆటోమేటిక్‌గా పిన్‌లు ప్రయత్నిస్తున్నారేమో అని చేసే పరీక్ష. ఊహించి కొట్టడం అక్కడితో ఆపేయండి. టీపీఎం తప్పుల లెక్క పెట్టుకుంటుంది, లెక్క ఎక్కువైతే కొంతసేపు సరైన పిన్ కొట్టినా తీసుకోదు.

పిన్ నిజంగా గుర్తుండి కూడా తీసుకోవడం లేదంటే కీబోర్డు చూడండి. పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న మోడళ్లలో నమ్‌లాక్ ఆఫ్ అయి ఉంటే అంకెలు పడవు, పెట్టెలో చుక్కలు రావడం లేదంటే అదే కారణం. పాస్‌వర్డ్ విషయంలో క్యాప్స్‌లాక్‌తో పాటు భాష గుర్తు కూడా చూడండి. తెలుగు కీబోర్డ్ పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లలో లాగిన్ తెర మీద కూడా తెలుగే పడుతూ ఉండొచ్చు, చుక్కలు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి మనకి తెలియదు. పెట్టెలో చివర కన్ను బొమ్మ నొక్కి పట్టుకుంటే ఏం పడుతోందో కనిపిస్తుంది. ఒక ఎంఏ విద్యార్థిని తన థీసిస్ ఉన్న ల్యాప్‌టాప్ నా దగ్గరికి ఏడుస్తూ తెచ్చింది. తెలుగులో టైప్ చేయడం కోసం వేసుకున్న కీబోర్డే అసలు కారణం. ఇంగ్లీషుకి మార్చగానే ఆమె చెప్పిన పాస్‌వర్డే తెరుచుకుంది.

అకౌంట్ మీది కాకపోతే

ఫోన్ చేసి సెట్ చేసినవాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఏ మెయిల్‌తో పెట్టారు? మీ జీమెయిల్ అని మీరు అనుకుంటున్నారు, సరే. కానీ షాపు రద్దీలో, కస్టమర్ ఫోన్‌కి ఓటీపీ రావడం ఆలస్యమైతే, షాపువాళ్లు తమ సొంత మెయిల్‌తో సెటప్ ముగించేసి ఇచ్చేసిన ల్యాప్‌టాప్‌లు నేను చాలానే చూశాను. వాళ్ల ఉద్దేశం మంచిదే, పని త్వరగా అవ్వాలని. ఫలితం మాత్రం కస్టమర్ మీద పడుతుంది. అలాంటప్పుడు రికవరీ కీ వాళ్ల అకౌంట్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఎంఎస్ ఆఫీస్ కూడా ఆ మెయిల్‌తో యాక్టివేట్ చేసి ఉంటే దానికే అతుక్కుంటుంది. ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోతే వెతుక్కోవడమే.

మీ విషయంలో అలా తేలితే, బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లి వాళ్ల ముందే కీ తీయించుకుని లోపలికి వెళ్లండి. లోపలికి వెళ్లాక సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌లో మీ అకౌంట్‌ని కలిపి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చండి. పాత అకౌంట్ కింద ఉన్న ఫైళ్లన్నీ మీ దాంట్లోకి కాపీ చేసుకోండి. పాత అకౌంట్‌ని తీసేస్తే దాని కింది ఫైళ్లు కూడా పోతాయి, అందుకని అన్నీ వచ్చాయని చూసుకున్నాకే తీసేయండి. ఆ తర్వాత డివైస్ ఎన్‌క్రిప్షన్‌ని ఒకసారి ఆఫ్ చేసి, పూర్తిగా ఆఫ్ అయ్యేదాకా ఆగి, మీ అకౌంట్‌లో ఉండగా మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు కొత్త కీ మీ అకౌంట్‌లోకి వస్తుంది. ఈ ఆఖరి పనిని చాలామంది వదిలేస్తారు. ఏడాది తర్వాత ఏ బయోస్ అప్‌డేటో వచ్చి కీ అడిగినప్పుడు, అది ఇంకా షాపువాడి మెయిల్‌లో ఉందని తెలుస్తుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండే పిల్లలు వచ్చినప్పుడు అమ్మానాన్నలకి ల్యాప్‌టాప్ కొని, తమ అకౌంట్‌తోనే పెట్టి వెళ్లడం కూడా ఇదే కోవ. ఇక్కడ తెర మీద కోడ్ అడిగితే అది అక్కడి ఫోన్‌కి వెళ్తుంది, అమెరికా అయితే అక్కడ అప్పటికి అర్ధరాత్రి. కోడ్‌కి గడువు కొద్ది నిమిషాలే. ఇద్దరూ మేలుకుని ఉండే వేళ చూసుకుని వీడియో కాల్‌లో పక్కపక్కనే చేస్తే పది నిమిషాల పని. దీనికి తిరగేసిన సమస్యా ఉంది. వెళ్లేటప్పుడు ఇక్కడి నంబరు ఇచ్చి అకౌంట్ తెరిచి, అక్కడికి వెళ్లాక ఆ సిమ్‌కి రీఛార్జ్ మానేస్తారు. వాడకం లేని ప్రీపెయిడ్ నంబర్లని మన దగ్గర 90 రోజుల తర్వాత ఆపేయొచ్చు, కొంతకాలానికి ఇంకొకరికి ఇచ్చేస్తారు కూడా. అప్పుడు మీ కోడ్ ఎవరికో వెళ్తుంది.

నంబరూ లేదు, మెయిలూ తెరుచుకోవడం లేదంటే కోడ్ అడిగే పేజీలోనే అవి నా దగ్గర లేవు అనే లింకు ఉంటుంది, అది రికవరీ ఫారానికి తీసుకెళ్తుంది. పాత పాస్‌వర్డులు, పుట్టిన తేదీ లాంటివి గుర్తున్నంత ఇవ్వాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసి ఉంటే ఆ ఫారం పనికిరాదు. భద్రతా వివరాలు మొత్తం మార్చమని అడిగితే 30 రోజులు ఆగాలి. నెల రోజులా అనిపిస్తుంది కానీ, లోపల ప్రాజెక్టు ఉంటే ఆ నెల ఆగడమే నయం. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్‌ని ఫార్మాట్ చేశాక డేటా రికవరీవాళ్లు కూడా ఏమీ చేయలేరు. డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కి తగిలించినా, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో తెరిచినా తాళం తాళమే. ‘డేటా తీసిస్తాం, కీ అక్కర్లేదు’ అనేవాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకండి.

లోకల్ అకౌంట్ అయితే

కొందరు షాపువాళ్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ‘యూజర్’ అనో ‘అడ్మిన్’ అనో ఒక లోకల్ అకౌంట్, అంటే ఆ మిషన్‌లోనే ఉండే అకౌంట్, చేసి ఇస్తారు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. తప్పు పాస్‌వర్డ్ కొట్టి ఓకే అన్నాక పెట్టె కింద ‘రీసెట్ పాస్‌వర్డ్’ అని వస్తే, అది పెట్టేటప్పుడు రాసిన మూడు ప్రశ్నలు అడుగుతుంది. మొదటి స్కూలు పేరు, చిన్నప్పటి ముద్దుపేరు లాంటివి. పెట్టింది షాపువాళ్లయితే జవాబులు కూడా వాళ్లవే, చాలాసార్లు మూడింటికీ ఒకటే మాట రాసేస్తారు. వాళ్లకి ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ కూడా చెప్పేస్తారు, ఎందుకంటే ఆ షాపులో అన్నింటికీ అదే పెడతారు. ఏమీ కొట్టకుండా ఒట్టి ఎంటర్ కూడా ఒకసారి నొక్కి చూడండి. ఊరికే పదిసార్లు తప్పు కొడితే మాత్రం ఇప్పటి విండోస్ 11 పది నిమిషాలు లాక్ వేస్తుంది.

లోకల్ అకౌంట్ ఉన్న చోట ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆన్ అయి ఉండకపోవచ్చు, అందుకే యూట్యూబ్ కిటుకు కొందరికి పనిచేసినట్టు కింద కామెంట్లలో రాస్తారు. అలా బలవంతంగా మార్చినప్పుడు ఆ అకౌంట్‌లో దాచుకున్న బ్రౌజర్ పాస్‌వర్డ్‌ల లాంటివి మళ్లీ చేతికి రాకపోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఇంకో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఉంటే దాంట్లోంచి కంట్రోల్ ప్యానెల్‌లో మార్చొచ్చు, అప్పుడూ ఈ నష్టం తప్పదు.

మరో చిన్న సందేహం కూడా ఇక్కడే తీర్చేస్తాను, చాలామంది అడుగుతుంటారు. లాగిన్ అవుతుంది, కానీ కాలేజీవాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్ వేయబోతే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే పిల్లలు వాడుతున్నది మామూలు అకౌంట్, అడ్మిన్ అధికారం నాన్నగారి అకౌంట్‌కో షాపు అకౌంట్‌కో ఉంది. అది అడిగేది ఆ అకౌంట్ పిన్నో పాస్‌వర్డో, కొత్తగా వేరే ఏదీ లేదు. ల్యాప్‌టాప్ కాలేజీ ఇచ్చిందో ఆఫీసు ఇచ్చిందో అయితే వాళ్ల ఐటీ విభాగాన్ని అడగాల్సిందే, మీరు తీసే ప్రయత్నం చేయకండి.

విండోస్ గుర్తు కంటే ముందే, నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడిగితే అది బయోస్‌ది, పూర్తిగా వేరే కథ. లోపలి చిన్న బ్యాటరీ తీస్తే పోతుందనే పాత మాట ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి చెల్లదు. బిల్లుతో కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్లడమే. ఆపిల్ మ్యాక్ అయితే లాగిన్ తెర మీద కొన్నిసార్లు తప్పు కొట్టాక ఆపిల్ అకౌంట్‌తో మార్చుకునే దారి చూపిస్తుంది. అక్కడా ఆధారం అకౌంటే.

అన్నీ చేసినా కుదరకపోతే

కీ దొరకలేదు, అకౌంట్ చేతికి రాలేదు, లోపల ఫైళ్లు పోయినా ఫర్వాలేదు అనుకుంటే అప్పుడు రీసెట్. దానికీ 1500 ఇవ్వక్కర్లేదు. లాగిన్ తెర మీద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ట్రబుల్‌షూట్, అందులో ‘రీసెట్ దిస్ పీసీ’ వస్తాయి. మీలాగా నీలం తెర దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎస్కేప్ నొక్కితే, ఆ డ్రైవ్‌ని వదిలేసి ముందుకి వెళ్లే దారి ఉంటుంది, అక్కడి నుంచి ట్రబుల్‌షూట్‌కి చేరొచ్చు. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే పాస్‌వర్డ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, ఫైళ్లతో పాటు అకౌంట్లూ పాస్‌వర్డ్‌లూ అలాగే ఉంటాయి. తీసేయాలంటే ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఒక్కటే, అది అన్నీ తుడిచేస్తుంది. క్లౌడ్ డౌన్‌లోడ్ (విండోస్‌ని నెట్ నుంచి దించుకోవడం) ఎంచుకుంటే 4 జీబీ పైనే డేటా కావాలి, మొబైల్ డేటా మీద ఉంటే చూసుకోండి.

అక్కడ కూడా కీ దగ్గర ఆగిపోతే, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 వేసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనిపించదు. డిస్క్ పోయిందని కొత్తది అమ్మబోతారు, నమ్మకండి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఉండే ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో వేసి లోడ్ చేస్తే కనిపిస్తుంది. లైసెన్స్ గురించి దిగులొద్దు, ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఒరిజినల్ విండోస్ కీ కొనాలని ఎవరైనా అదనంగా అడిగితే ఇవ్వకండి.

గూగుల్‌లో ‘మైక్రోసాఫ్ట్ కస్టమర్ కేర్ నంబర్’ అని వెతికి, కనిపించిన నంబర్‌కి ఫోన్ చేయడం మాత్రం వద్దు. దొంగ నంబర్లు అలాగే పెడతారు. ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, వచ్చిన ఓటీపీలు చూసి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. మీరు ఇప్పటికే అలాంటివాళ్లకి డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

తెరుచుకున్నాక ఆ రోజే మీరు చేయాల్సినవి ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో అమ్మాయి నంబరు, ఇంకో మెయిల్ రెండూ కలపండి. రికవరీ కీని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ బిల్లుతో పాటు ఇంట్లో పెట్టండి, ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి. అమ్మాయికి తన పేరుతో అకౌంట్ చేసి అడ్మిన్ ఇచ్చేయండి. రోజూ వాడేది తనే, ప్రతిసారీ ఓటీపీ కోసం నాన్నకి ఫోన్ చేయాల్సిన పరిస్థితి ఉండకూడదు. రికార్డులు, ప్రాజెక్టు ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో కాపీ ఉంచమనండి.

ఇప్పుడు ముందు చేయాల్సింది సెక్యూర్ బూట్ చూడటం, తర్వాత మీ మెయిల్‌తో కీ ఉందో లేదో చూడటం. అక్కడ మీ ల్యాప్‌టాప్ కనిపించకపోతే ల్యాప్‌టాప్ మోడల్, నీలం తెర మీద ఏ మెయిల్ సూచన వస్తోందో చెప్పండి, దాన్నిబట్టి తర్వాతి దారి చెబుతాను. మెయిల్ పూర్తిగా రాయొద్దు, మొదటి రెండు అక్షరాలు చాలు. 48 అంకెల కీ మాత్రం ఎవరు అడిగినా, నేను అడిగినా ఇవ్వకండి.